పెన్‌డ్రైవ్ ఎవరు పెట్టిన్రు?

పదేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. చూడ్డానికి పెద్దదేమీ కాదు. మూడు మాటలు. ఒక మధ్యాహ్నం నా షాపులో నేనే అడిగిన ఒక ప్రశ్న. అడిగినందుకు ఎవరూ నన్ను తప్పు పట్టలేదు. పైగా ఇద్దరు మనుషులు నాకు దండం పెట్టి పోయారు. ఆ దండమే నన్ను ఇప్పటికీ నిద్రలో కూడా పొడుస్తుంది.

నా పేరు చెప్పను. చెప్పేంత ధైర్యం ఉంటే పదేళ్లు ఎందుకు ఆగుతాను? ఆత్మకూరులో బస్టాండుకు పోయే దారిలో నాకొక చిన్న కంప్యూటర్ రిపేరు షాపు ఉంది. ఇంత చెబితే ఊళ్లోవాళ్లు పోల్చుకుంటారని తెలుసు. పోల్చుకుంటే పోల్చుకోనీ. మీరు మాత్రం నన్ను ఎరగరు. ఎరగని మనిషికి చెప్పడం సులువు కాబట్టి ముందు మీకు చెబుతున్నాను.

మా కస్టమర్లతో ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది. ప్రతి ఆదివారం పొద్దున దాంట్లో ఒక చిట్కా పెడతాను. కంప్యూటర్ బిగుసుకుపోతే ముందు ఆఫ్ చేసి ఆన్ చేయండి, సగం రోగాలు దానితోనే పోతాయి. నెట్ రాకపోతే నన్ను పిలిచే ముందు వైరు ఊడిందేమో చూడండి. ప్రింటర్ మొరాయిస్తే దాన్ని తిట్టకండి, లోపల ఇరుక్కున్న పాత ప్రింటును తీసేయండి. ఇట్లాంటివే. కానీ ఒక చిట్కాను మాత్రం తిప్పి తిప్పి పెడుతుంటాను. ఏ సాఫ్ట్‌వేర్ తీసేయాలన్నా అది ఎవరికి అవసరమో అడిగి తీయండి. ఫార్మాట్ కొట్టే ముందు, చెడిపోయిందనుకున్న ఫైలును కూడా ఇంకోచోట దాచండి. "అన్నకు గీ బ్యాకప్ పిచ్చి ఏందో" అని గ్రూపులో నవ్వుతారు. నేనూ నవ్వుతున్న బొమ్మ ఒకటి పెడతాను. ఆ పిచ్చి నాకెట్లా పట్టిందో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మాది గొర్రెలు కాసే ఇల్లు. బాపు సొంత మందతో పాటు ఊళ్లోవాళ్ల గొర్రెలు కూడా మేపేవాడు. ఎండాకాలం వస్తే మందను అమ్రాబాద్ అడవి వైపు తోలుకుపోయేవాడు. నెలల తర్వాత తిరిగి వచ్చేవాడు. దారిలో ఎవరి గొర్రెయినా చస్తే, దాని తోలు ఎండబెట్టి భుజాన వేసుకుని వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా ఆ గొర్రె గలవాళ్ల వాకిట్లో పరిచేవాడు. గొర్రె ఎవరిదో తెలిసేలా గుర్తు కోసిన చెవి తోలుతోనే ఉండాలి. చచ్చిందని నోటితో చెబితే చాలదు, అమ్ముకున్నాడని అనుమానం వస్తుంది. చిన్నప్పుడు ఆ తోలు వాసనకు నేను ముక్కు మూసుకునేవాణ్ణి. అది వాసన కాదు, బాపు మాట అని తెలుసుకునేసరికి నేను మాట తప్పి ఉన్నాను.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు షాపు పెట్టాను. మహబూబ్‌నగర్‌లో ఆర్నెల్లు హార్డ్‌వేర్ కోర్సు చేసి వచ్చాను. మదర్‌బోర్డు తెలుసు, ర్యామ్ తెలుసు, విండోస్ ఎక్కించడం తెలుసు. డబ్బాలో ఏముంటుందో తెలుసు. ఆ డబ్బాలో మనుషులు ఏం దాచుకుంటారో మాత్రం తెలియదు. అది కోర్సులో చెప్పలేదు. చెప్పినా వినే వయసేనా నాది? ఊళ్లో మొదటి రిపేరు షాపు అన్న గర్వం నెత్తికెక్కి ఉంది.

ఆ ఏడే ప్రకాశం సార్ వచ్చారు. బడిలో లెక్కలు చెప్పే సారు. వాళ్ల అమ్మానాన్నలకు గుంట జాగా కూడా లేదు. వాళ్లమ్మ సాలమ్మ ఎక్కడెక్కడో చెరువు కట్టలు, డ్యాము కట్టలు కట్టే పనికి మేస్త్రీ వెంట పోయి, మట్టి తట్టలు మోసి కొడుకును చదివించింది. ఆమె చివరి ఏళ్లలో సార్ ఒక పని పెట్టుకున్నారు. ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యి ఇంటికి రాగానే తల్లిని పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె చెప్పింది చెప్పినట్టు రెండు వేళ్లతో కంప్యూటర్‌లో కొట్టేవారు. ఏ ఊరి కట్ట, ఏ మేస్త్రీ, ఏ గుడిసె. ఏ బిడ్డ ఎక్కడ పుట్టింది. పుట్టి పోయిన ముగ్గురు పిల్లలను ఏ కట్ట కింద పాతిపెట్టింది. నాలుగేళ్ల ఆదివారాలు. ఆమె పోయి అప్పటికి ఏడాది. ఇదంతా సారే చెప్పారు, కంప్యూటర్ డబ్బాను నా బల్ల మీద పెడుతూ. నేను ఊఁ కొట్టాను. నా కళ్లు స్క్రూల మీద ఉన్నాయి.

మొదటిసారి వచ్చిన రోగం చిన్నది. కంప్యూటర్ నిదానంగా నడుస్తోంది. అట్లా నిదానమైన దాన్ని చురుకు చేయడం ఎంతసేపు? ఆన్ కాగానే తమంతట తామే లేచే ప్రోగ్రాములను ఆపాను. చెత్త ఫైళ్లు ఊడ్చాను. సాఫ్ట్‌వేర్ల పట్టిక తెరిచి, నాకు తెలియని పేరు కనిపించిన ప్రతిదాన్నీ అక్కరలేనిదే అనుకుని తీసేశాను. అందులో పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. దాని పేరు ఇంగ్లీషులో ఉంది. నేను ఎప్పుడూ వినలేదు. నేను విననిది ఎవరికైనా ఎందుకు పనికొస్తుంది? ఒక్క ఫోన్ చేసి సార్‌ను అడిగితే సరిపోయేది. అడగలేదు. సాయంత్రం వచ్చి చూసి సార్ మెచ్చుకుని పోయారు.

పది రోజులకు మళ్లీ వచ్చారు. ఈసారి బిడ్డ కూడా ఉంది. పేరు ఎస్తేరు. ఇంటర్ చదువుతోంది. అవ్వ మాట్లాడుతుంటే, నాయిన టైపు చేస్తుంటే, వెనక నిలబడి తప్పులు పట్టేది ఆ పిల్లే అట. సార్ డబ్బాను మళ్లీ నా బల్ల మీద పెట్టి ఆన్ చేయించారు. ఫైలు తెరిచి చూపించారు. తెలుగు ఒక్క అక్షరం లేదు. అన్నీ తల తెగిన ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, కొంకులు, డాలరు గుర్తులు. ఫైలు తర్వాత ఫైలు, అన్నీ అంతే.

నాకేం అర్థం కాలేదు. ఆ మాట అప్పుడే అని ఉంటే ఇవాళ ఇది రాసే పని ఉండకపోయేది. "నాకు తెలుస్తలేదు సార్" అన్నంత మాత్రాన షాపు మూతపడుతుందా? కానీ అనలేదు. వైరస్ కోసం వెతికే సాఫ్ట్‌వేర్ నడిపాను. ఏమీ దొరకలేదు. స్క్రీన్ నా వైపు తిప్పి ఉంది కాబట్టి దొరకలేదన్న సంగతి నాకొక్కడికే తెలుసు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, మా పనివాళ్లకు అర్థం కాని ప్రతిదానికీ ఒక పేరుంది.

"వైరస్ సార్," అన్నాను. "ఫైళ్లన్నీ తినేసింది."

సార్ కుర్చీలో కూలబడ్డారు. ఎస్తేరు మాత్రం వంగి స్క్రీన్ చూస్తూనే ఉంది.

"తిన్నదంటున్నవు," అంది. "మరి ఫైలు సైజు ఎప్పటి లెక్కనే ఉన్నది గద అన్నా?"

ఆ పిల్ల చెప్పింది నిజం. ఏ ఫైలూ ఒక్క అక్షరం కూడా తగ్గలేదు. ఇంటర్ చదివే పిల్ల, వాళ్ల నాయిన ముందర, నా షాపులో, నన్ను అడిగింది. చెవులు వేడెక్కాయి. అప్పుడు అడిగాను.

"పెన్‌డ్రైవ్ ఎవరు పెట్టిన్రు?"

తెలుసుకుందామని అడగలేదు. ఇది చదివే మీరు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఆ పిల్ల నోరు మూయించడానికి అడిగాను.

ఆమె నాయిన వైపు చూసింది. "నేనే పెట్టిన అన్నా. కాలేజీ ప్రాజెక్టు తెచ్చుకుంటందుకు."

"గదే సార్. గట్లనే వస్తది."

ఎస్తేరు స్క్రీన్ ముందు నుంచి వెనక్కి జరిగింది. సార్ బిడ్డను తిట్టలేదు. చెయ్యెత్తలేదు. డిస్కు మొత్తం తుడిచేయాలి, ఫార్మాట్ కొట్టాలి అన్నాను. చెడిపోయినవే అయినా ఎక్కడన్నా దాచిపెట్టరాదా అని నన్ను అడిగారు. దాస్తే వైరస్ కూడా దాక్కుంటుందని చెప్పాను. "కొట్టు మరి," అన్నారు. హార్డ్‌డిస్కు మొత్తం ఫార్మాట్ కొట్టి, కొత్త విండోస్ ఎక్కించి ఇచ్చాను. పోతూ పోతూ ఇద్దరూ నాకు దండం పెట్టారు.

ఇక్కడితో ఆగితే నాది తెలియనితనం అనుకోవచ్చు. నేనూ కొన్నాళ్లు అట్లాగే అనుకునేవాణ్ణి. కానీ ఎనిమిది నెలల తర్వాత తెలిసింది. పెళ్లి పత్రికలు అచ్చువేసే ముసలాయన ఒకాయన కొత్త కంప్యూటర్ కొన్నాడు. పాత ఫైళ్లు అందులో వేస్తే అవే గుర్తులు. అవే కొంకులు, అవే డాలర్లు. వైరస్ అనబోయాను. ఆయన నవ్వి, సంచిలోంచి ఒక సీడీ తీసి, "ఫాంటు లేదు బిడ్డా, గంతే" అని రెండు నిమిషాల్లో ఎక్కించాడు. నా కళ్ల ముందే ఆ పిచ్చిగుర్తులు వధూవరుల పేర్లయ్యాయి. పాత తెలుగు సాఫ్ట్‌వేర్లు అక్షరాలను లోపల ఇంగ్లీషు గుర్తులుగానే దాస్తాయట. పైన తెలుగు రూపం తొడిగేది ఫాంటు. ఫాంటు పోతే చొక్కా పోయినట్టే, మనిషి పోయినట్టు కాదు.

ఆయన వెళ్లాక షట్టరు సగం దించి కూర్చున్నాను. సాలమ్మ మాటలు అప్పుడు ఒక్కటీ పోలేదు. ఫాంటును తీసేసింది నేను. నిండుగా ఉన్న ఫైళ్లను తుడిచేసింది నేను. నిందను ఒక ఆడపిల్ల నెత్తిన పెట్టింది నేను. ఇన్నీ చేసిన చేయి బల్ల మీద ఉంది, దాని వైపు చూడబుద్ధి కాలేదు.

ఆ వారంలోనే సార్ ఇంటికి పోయాను, చెబుదామనే పోయాను. మూలన బల్ల మీద కంప్యూటర్ ఉంది. పాత చీర ముక్క కప్పి ఉంది. ఆనాటి నుంచి ముట్టనే లేదని సార్ భార్య చెప్పింది. ఆ మాట వినగానే నాలో ఒక ఆశ లేచింది. ఎందుకో మీకు చెప్పాలి. ఫార్మాట్ కొట్టిన డిస్కులో కూడా పాత ఫైళ్లు వెంటనే చెరిగిపోవు. వాటి మీద కొత్తవి రాసేదాకా లోపలే పడి ఉంటాయి. వాటిని వెతికి తీసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, ఊరికే దొరుకుతాయి. ఎనిమిది నెలలు ఎవరూ ముట్టని డిస్కు. అన్నీ కాకపోయినా కొన్ని వచ్చేవి. సగమన్నా వచ్చేవి.

కానీ తీసి ఇస్తే, తినేసిందన్న ఫైళ్లు ఇప్పుడు ఎట్లా చదవడానికి వచ్చాయో చెప్పాలి. ఫాంటు సంగతి చెప్పాలి. సైజు సంగతి ఆ పిల్ల మళ్లీ అడుగుతుంది. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. చాయ్ తాగాను. బాగుందన్నాను. లేచి వచ్చాను.

మొదటి తప్పు తెలియక చేశానని దేవుడి ముందైనా చెప్పుకోవచ్చు. ఈ రెండోది? ఆ చాయ్ రుచి ఇప్పటికీ నోట్లో ఉంది, ఏ దేవుడికని చెప్పను? మరుసటి ఏడు సార్ ఆ కంప్యూటర్‌ను ఎవరికో ఇచ్చేశారు. ఆ దారి కూడా మూసుకుపోయింది. నిజం చెబుతున్నాను, ఆ కబురు వినగానే ముందు నాకు కలిగింది ఊరట. తర్వాతే సిగ్గు కలిగింది.

ఎస్తేరు కంప్యూటర్ డిగ్రీలో చేరాలనుకునేదట. నాయిన వద్దనలేదు. ఆమే వద్దంది, తన చేయి పడితే చెడిపోతాయని. నర్సు చదువు చదివింది. ఇప్పుడు ఇక్కడి దవాఖానలోనే పని. సూది నొప్పి తెలియకుండా వేస్తుందని పేరు. చాలా ఏళ్లు నేను దీన్ని నాకు అనుకూలంగా వాడుకున్నాను. చూడు, బాగానే ఉంది కదా, నర్సయ్యింది, జీతం వస్తోంది, ఏం పోయింది? ఏం పోయిందో నాకు తెలుసు. ఎవరూ చెప్పకుండానే ఫైలు సైజు చూసిన పిల్ల అది. నా షాపులో ఈ పదేళ్లలో అంత తెలివైన ప్రశ్న ఇంకెవరూ అడగలేదు.

రెండేళ్ల కింద సార్ పోయారు. సమాధి దగ్గర నేనూ పిడికెడు మట్టి వేశాను. బంధువులు సాలమ్మ గురించి మాట్లాడుకుంటున్నారు. పుట్టి పోయిన ఆ ముగ్గురు పిల్లల్లో ఇద్దరి పేర్లే సార్‌కు గుర్తున్నాయట. మూడో పిల్ల, సార్‌కు అక్క, ఆమె పేరు ఎంత తలుచుకున్నా రాలేదట. చివరి రోజుల్లో కూడా మంచంలో పడుకుని రోజుకో పేరు అని చూసేవారట. అది కాదు, ఇది కాదు అనుకుంటూ. ఎస్తేరు ఆ మాట వింటూ తల దించుకుంది. నేను ఆమెకు మూడడుగుల దూరంలో ఉన్నాను. అప్పుడైనా చెప్పొచ్చు కదా? చావింట్లో ఎందుకులే అనుకున్నాను. పిరికివాడికి ప్రతి రోజూ ఏదో ఒక అడ్డం ఉంటుంది.

పోయిన నెల ఆమె నా షాపుకు వచ్చింది. దవాఖాన కాగితాలు ఏవో ప్రింటు కావాలి. అవి పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. ఎవరో వేసి ఇచ్చారట. కస్టమర్ల కోసం పెట్టిన కంప్యూటర్ ఆమె ముందే ఉంది. నేను ఇంకో పనిలో ఉండి, పెట్టుకోమ్మా అన్నాను. ఆమె పెన్‌డ్రైవ్‌ను నా వైపు చాపింది. నవ్వుతూనే అంది:

"నువ్వే పెట్టన్నా. నా చెయ్యి మంచిది కాదు."

రోజూ పసిపిల్లలకు సూదులు వేసే చేయి అది. నేను పెన్‌డ్రైవ్ తీసుకున్నాను. పెట్టాను. ప్రింటు తీసి ఇచ్చాను. ఆ రోజు కూడా చెప్పలేదు. కానీ ఆమె పోయాక షాపులో కూర్చోలేకపోయాను.

బాపు బతికే ఉన్నాడు. ఆ సాయంత్రం ఇంటికి పోయి ఆయన పక్కన కూర్చుని, ఎప్పుడూ అడగని మాట అడిగాను. చచ్చిన గొర్రె ఎట్లాగూ రాదు కదా, ఆ తోలు అంత దూరం మోసుకొచ్చుడెందుకు అని. ఆయన బీడీ ఆర్పి చెప్పాడు, వాళ్లు ఇంకెవరి మీదనో అనుమానపడకుండా అని. కుక్కను తిడతారు, జీతగాణ్ణి తిడతారు, నక్కను తిడతారు. చచ్చింది నా చేతిలో అని నేను చెబితే తిట్లన్నీ నాకే వస్తాయి, వచ్చినా సరే, అన్నాడు. ఆయనకు నా సంగతి ఏమీ తెలియదు.

అందుకే రాయడం మొదలుపెట్టాను. మూడు వారాలు పట్టింది. ఏ కంప్యూటర్‌లో తెరిచినా, ఏ ఫాంటూ అడగకుండా కనిపించే తెలుగులో కొట్టాను. ఇప్పుడు అట్లాంటివి వచ్చాయి. పైన మీరు చదివిందంతా ఒక కొత్త పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఇవాళ పొద్దున దవాఖానకు పోయాను.

ఈ కింది నాలుగు మాటలు తిరిగొచ్చాక రాస్తున్నవి.

ఎస్తేరు వరండాలో ఉంది. ఆమె చేతిలో పెన్‌డ్రైవ్ పెట్టాను. చెప్పాను, ఇందులో మీ అవ్వ సంగతి ఉంది, ఆ రోజు నీ తప్పు లేదు, తప్పు నాది, ఎవరి చేతా పెట్టించకు, నీ చేత్తో నువ్వే పెట్టి చూడు అని. ఆమె నా ముఖం వైపు చూసింది. లోపల ఎవరో పిలిస్తే పెన్‌డ్రైవ్‌ను జేబులో వేసుకుని పోయింది.

ఇప్పుడు మధ్యాహ్నం దాటింది. ఫోన్ రాలేదు. రాకపోవచ్చు. వచ్చినా మంచి మాట కోసం రాదు, రావాల్సిన పని కూడా లేదు. క్షమించమని అందులో ఎక్కడా రాయలేదు. మూడో పిల్ల పేరు నేను తెచ్చి ఇవ్వలేను, అది లేకుండా ఏ మొహంతో అడగను? అయినా మీతో దాచడమెందుకు, పొద్దుటి నుంచి ఊపిరి కొంచెం సులువుగా ఆడుతోంది. అది నాకు దక్కాల్సింది కాదేమో, కానీ ఆడుతోంది.

ఆమె పెన్‌డ్రైవ్ పెట్టిందో లేదో తెలియదు. ఒకవేళ పెడితే, ఫైలు తెరుచుకుంటుంది. ఆమె చేయి పడ్డా ఏమీ చెడిపోదు. అప్పుడు కూడా చెడిపోలేదు.